చెరగని గురక

కంప్యూటరులోంచి ఒక ఫైలును తీసేయడానికి ఒక పగలంతా పోరాడి ఓడిపోయినవాణ్ని నేను. దాన్ని ఇంకెవరో వాడుతున్నారనీ, వాళ్లు వదిలితే తప్ప చెరపడం కుదరదనీ కంప్యూటరు అడిగినప్పుడల్లా చెప్పింది. ఆ ఇంకెవరో ఎవరా అని ఆఫీసులో ప్రతి ఒక్కణ్నీ అనుమానించాను. మా కంప్యూటర్ బావనైతే మనసులోనే ఉతికి ఆరేశాను. చివరికి తేలిందేమిటంటే, ఆ ఇంకెవరో నేనే. నా మూర్ఖత్వం ఇలా ముందే ఒప్పేసుకుంటే, తరవాత మిగతావాళ్ల మీద దుమ్మెత్తి పోయడానికి నాకు కాస్త అధికారం వస్తుందని ఆశ. దుమ్ముకు మా ఊళ్లో ఎప్పుడూ కొదవ లేదు.

మా ఊరంటే దంతెవాడ వైపు కిరందుల్. కొండ మీద ఇనుప గని, కొండ కింద మేము. గనిలోంచి దిగిన రాయిని నలగ్గొట్టి, జల్లించి, రైలు పెట్టెల్లోకి నింపే ప్లాంటు పక్కనే నా క్వార్టరు. క్వార్టరంటే సీసా అనుకోకండి, కంపెనీ ఇచ్చిన ఇల్లు. అయితే అందులో ఉంటే తల తిరగడం మాత్రం నిజమే. మా ఆవిడ నా తెల్లచొక్కాలు ఉతికి దండెం మీద వేసేది. వేసేటప్పుడు తెలుపు, తీసేటప్పుడు కావి. ఇల్లాలు పక్కనుండగానే నాకు కాషాయం దక్కింది.

ఆ ఏడాది ఆసుపత్రి వైపు లైనులో ఒక క్వార్టరు ఖాళీ అవుతుందని తెలిసింది. అక్కడికి దుమ్ము రాదు. వచ్చినా అలిసిపోయి వస్తుంది. దరఖాస్తు పెట్టాను. సంతకం చేయాల్సింది మా పెద్దసారు. ఈలోగా మా ఆవిడ ఒకరోజు కూరగాయలకని వెళ్లి ఆ ఇంటి పెరడు చూసొచ్చింది.

"దండెం కట్టడానికి రెండు జామచెట్లున్నాయండీ. ఇటు కొసా అటు కొసా కొలిచినట్టున్నాయి. ఇంకేటి కావాల?" అంది.

ఇంకేమీ అక్కర్లేదు, ఆ సంతకం తప్ప. అంతవరకూ బాగానే ఉంది. తరవాత భద్రతా వారోత్సవాలు వచ్చాయి.

పెద్దసారు హిందీలో ఉపన్యాసం ఇచ్చారు. అప్రమత్తత గురించి. గనిలో రెప్పపాటు ఏమరుపాటు ఎంత ప్రమాదమో ఆయన వివరిస్తుండగా నేను రెప్ప వేశాను. వేసినది మళ్లీ ఎత్తలేదు. నిద్రపోయి ఊరుకుంటే అదొక దారి. గురక కూడా పెట్టాను. నా గురక మామూలుది కాదు. మా ఆవిడ దాన్ని గూడ్సు బండి అంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక శబ్దం, దిగేటప్పుడు ఇంకొకటి. వెనక వరుసలో ఉన్నాను కనక పెద్దసారుకు వినబడలేదు. మా కంప్యూటర్ బావకు వినబడింది. అతని చేతిలో ఆఫీసు కొత్తగా కొన్న కెమెరా ఉంది. అది ఫొటోలే కాదు, కదిలే బొమ్మలు కూడా తీస్తుంది, శబ్దంతో సహా.

ఈ బావ గురించి చెప్పాలి. అతనిదీ నాదీ బొబ్బిలి పక్క ఊళ్లు. చుట్టరికమేమీ లేదు. ఆ వైపు నుంచి వచ్చినవాళ్లం ఇక్కడ ఒకరినొకరు బావా అనుకుంటాం, అంతే. విశాఖపట్నంలో కొన్నాళ్లు ఏదో శిక్షణ అయి వచ్చి కంప్యూటర్ సెల్‌కు ఇన్‌చార్జి అయ్యాడు. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. ఏసీ అక్కడున్నది కంప్యూటర్ల కోసమని కంపెనీ అనుకునేది, తన కోసమని బావ అనుకునేవాడు. మేమంతా చెమటతో చొక్కాలు పిండుకుంటుంటే అతను స్వెట్టరు వేసుకుని తిరిగేవాడు. గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. ఏదైనా అడిగితే ముందు కళ్లు మూసుకునేవాడు. తరవాత "ఇది సిస్టమ్ ప్రాబ్లమ్" అనేవాడు. ఆ రెండు ముక్కల మీదే ఉద్యోగం నడిపాడు. నేను ఏళ్ల తరబడి హాజరు పట్టీలు రాసినా నన్ను ఎవరూ ఏసీలో కూర్చోబెట్టలేదు కనక ఇది అసూయ అనుకునేవాళ్లు అనుకోవచ్చు. తప్పు కాదు.

విశ్వకర్మ పూజ ముందురోజు టిఫిన్ వేళ అతను నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బావా, రేపు సాయంత్రం క్లబ్బులో పెద్ద తెర మీద ఏడాది పొడుగునా తీసిన బొమ్మలన్నీ ఆడించీస్తన్నాను. డంపర్లు, మొక్కలు నాటడం, ఆటలపోటీలు. అందులో నువ్వే హీరోవి."

"నేనేం చేశాను?"

"నువ్వేటీ సెయ్యలేదు. అదే గదా బొమ్మ."

భద్రతా ఉపన్యాసంలో నా నిద్ర, గురకతో సహా. ఇడ్లీ మధ్యలో వదిలేసి డబ్బా మూత పెట్టేశాను. పెద్దసారు ముందువరుసలో కూర్చుంటారు. అప్రమత్తత మీద తాను చెబుతుండగా గూడ్సు బండి నడిపినవాడి దరఖాస్తు ఆయన బల్ల మీదే ఉంది. బతిమాలాను. బావ కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, వరం ఇచ్చాడు.

"నేను తియ్యను. సెట్టింగంతా అయిపోనాది. ఆ ఫోల్డర్లో ఏటుంటే అది వరసగా ఆడతాది. రేపు నువ్వే వొచ్చి నీ చేత్తో నీ బొమ్మ తీసీ. నాకేటి అభ్యంతరం?"

ఇక్కడ పూజ సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. గనిలో విశ్వకర్మ పూజ అంటే మాటలు కాదు. రాయి మోసే డంపరు నుంచి స్పానరు దాకా ప్రతి పనిముట్టుకూ బొట్టు పెడతారు. బొట్టు పెట్టాక మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మా ఆఫీసుకు దీని మీద ఇంకో సొంత పద్ధతి ఉండేది. మొట్టమొదటి కంప్యూటరు వచ్చిన ఏడు దాన్ని ఆపేసి ఉంచి పూజ చేశారట. మర్నాడు అది లేవలేదట. అప్పటి నుంచీ కంప్యూటర్లకు వెలుగుతుండగానే పూజ. బొట్టు, దండ, మీద కొత్త తువ్వాలు. లోపల మాత్రం దీపం వెలుగుతూనే ఉండాలి. ఆర్పకూడదు, ముట్టకూడదు.

పూజ రోజు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్లన్నీ తీగలతో ఒకదానికొకటి కలిపి ఉండేవి. బావ గదిలోని, ఆ బొమ్మలున్న ఉమ్మడి ఫోల్డరు నా బల్ల మీది కంప్యూటరులోనూ కనబడుతుంది. చెరిపేసే ముందు ఒక్కసారి చూడాలనిపించింది. ఇదే నా మూర్ఖత్వంలో అసలు ఘట్టం. ఉరికంబం ఎక్కేవాడు తాడు నాణ్యం చూసుకున్నట్టు, తెరిచి చూశాను. నా కంప్యూటరుకు స్పీకర్లు లేవు కనక గురక బయటికి రాలేదు. నోరు తెరుచుకుని ఉంది. తల ఒకవైపు వాలింది. అయినా చెప్పుకోకూడదు గానీ, ఆ నీలం చొక్కాలో బాగానే ఉన్నాను. రెండోసారి చూస్తుండగా వరండాలో గంట వినబడింది. పంతులుగారు, వెనక పూజ కమిటీ, హారతి పళ్లెం. గబుక్కున మౌస్ నొక్కి బొమ్మను కిందికి దించేశాను. మూసేయలేదు, దించాను. ఆ రెంటికీ తేడా ఉందని నాకు అప్పటికి తెలియదు. నాకు సంబంధించినంతవరకూ కనబడనిది లేనట్టే.

పంతులుగారు మానిటరు నుదుట బొట్టు పెట్టారు. బంతిపూల దండ వేశారు. కమిటీ పెద్ద అయిన ఫోర్‌మన్ తువ్వాలు కప్పాడు. చేతులు జోడించాను. క్వార్టరు ఇప్పించమని కూడా అడిగాను.

తరవాత చెప్పులు విడిచి బావ గదిలోకి వెళ్లాను. సాయంత్రం బొమ్మలు ఆడించాలి కనక అతని కంప్యూటరు ఒక్కదానికి మాత్రం పూజ వాయిదా వేశారు. ఫైలు మీద మౌస్ పెట్టి డిలీట్ నొక్కాను. కుదరదంది. ఇంకెవరో వాడుతున్నారంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

"బావా, ఎవరో వాడుతున్నారంటోంది."

"కంప్యూటరు అలగే అంటాది. దాని మాట నమ్మకు."

"నమ్మకపోతే పోతుందా?"

బావ కళ్లు మూసుకున్నాడు. "ఇది సిస్టమ్ ప్రాబ్లమ్," అన్నాడు.

అక్కడి నుంచి అతని విద్య మొదలైంది. కంప్యూటరును ఆపి మళ్లీ వెలిగించాడు. ఫైలు అక్కడే ఉంది. పేరు మార్చి చూద్దామన్నాడు. పేరు కూడా మారనన్నది. వైరస్ అన్నాడు. వైరస్‌ను వెతికే ప్రోగ్రాం పెట్టి ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. ఎంత వెతికిందో చూపించే గీత తెర మీద నత్తలా పాకింది. చివరికి ఏమీ లేదని చెప్పింది. "ఏటీ నేదంటే పెద్దదే ఉన్నట్టు. సిన్నవైతే దొరికీవి," అన్నాడు బావ. ఈ తర్కానికి నేను తల ఊపాను. దంతెవాడలో ఎవరికో ఫోన్ చేశాడు. వాళ్లు జగదల్‌పూర్‌లో ఇంకెవరినో అడగమన్నారు. జగదల్‌పూర్ ఆయన ఆపి మళ్లీ వెలిగించమన్నాడు. బావ ఫోన్ పెట్టేసి, "నా అంత తెలిసినోడు ఈ లైనులో నేడు," అన్నాడు తృప్తిగా.

ఆఫీసులో మాట పాకింది. పూజ ప్రసాదం కిచిడీ దొన్నెలతో ఒక్కొక్కరే వచ్చి నిలబడి సలహాలు ఇచ్చారు. మౌస్‌ని మెల్లిగా నొక్కాలని ఒకరు. గట్టిగా నొక్కాలని ఒకరు. నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలని మా స్టోర్సు ఆయన. బావ వాళ్లందరినీ నవ్వించాడు.

"ఫైలు తప్పు నేదర్రా. ఈ బావ గురక బరువు అంతుంది. మనిషి కదిపితే కదిలీదేటి? డంపరెయ్యాల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకోసారి అంటారు.

ఈ రోజు పిల్లలను అడిగితే, మిగతా బొమ్మలను వేరే ఫోల్డరులోకి మార్చుకుంటే సరిపోయేది కదా అంటారు. సరిపోయేది. మా ఇద్దరికీ తట్టలేదు. నాకు తట్టకపోవడానికి నేను మూర్ఖుణ్ని. అతనికి తట్టకపోవడానికి అతను నిపుణుడు.

మధ్యాహ్నం దాటాక విసిగి నా బల్ల దగ్గరికి వచ్చి కూలబడ్డాను. వర్షం మబ్బుకు గది చీకటిగా ఉంది. తువ్వాలు కింద నుంచి తెర వెలుగు నీలంగా బయటికి కారుతోంది. బొమ్మలో నా చొక్కాదీ నీలమే. ఆ నీలం చూస్తుండగా పొద్దున నేను దించినదేమిటో, మూయనిదేమిటో తెలిసింది. ఇంకెవరో వాడుతున్నారు. బొట్టు పెట్టుకుని, దండ వేసుకుని, తువ్వాలు కప్పుకుని నేనే వాడుతున్నాను.

తువ్వాలు ఎత్తి ఒక్కసారి మౌస్ నొక్కితే చాలు. చెయ్యి చాపాను.

"హాథ్ మత్ లగానా, బాబూ."

గుమ్మంలో ఫోర్‌మన్ ఉన్నాడు. చెయ్యి పెట్టొద్దన్న మాటను అరిచి చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు. అతను కొండ మీద, రాయి తవ్వి డంపర్లకెత్తే షావెల్ దగ్గర పనిచేసేవాడు. ఎడమచేతికి రెండు వేళ్లు ఉండేవి కావు. ఎలా పోయాయని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ చేత్తోనే నా కంప్యూటరుకు తువ్వాలు కప్పాడు పొద్దున.

ఒక్క బొమ్మ మూసేస్తానని, క్షణం పని అని నాకు వచ్చిన హిందీలో బతిమాలాను.

అతనూ హిందీలోనే అన్నాడు. "మీరు కింద కూర్చుంటారు. మీకు ఏమీ కాదు. పైన ఏదైనా అయితే, పూజ రోజు ఎవరు ముట్టుకున్నారని అడుగుతారు. నేను చెప్పాల్సి వస్తుంది."

నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. పైన డంపర్లు తోలేవాళ్లకు ఉంది. వచ్చే ఏడాదిలో ఎవరికైనా వేలు నలిగితే వాళ్ల ఇంటివాళ్లు నా చెయ్యి వైపు చూస్తారు. నా క్వార్టరు కోసం అంత బరువు మోయలేననిపించింది. పెద్ద త్యాగంలా చెబుతున్నాను గానీ, అందులో సగం పిరికితనమే. చెయ్యి వెనక్కి తీసుకుని ప్రసాదం తిన్నాను.

సాయంత్రం క్లబ్బు నిండిపోయింది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. మా ఆవిడకు ఏమీ చెప్పలేదు. డంపర్లు వెళ్లాయి. మొక్కలు నాటారు. తాడు లాగారు. తరవాత భద్రతా ఉపన్యాసం, పెద్దసారు, చప్పట్లు. తరవాత నేను. నా నోరు తెర మీద గుహలా ఉంది. క్లబ్బు స్పీకర్లు పెళ్లిళ్లకు కొన్నవి. గూడ్సు బండి గోడలను కదిపేసింది. జనం కుర్చీల మీద పడి నవ్వారు.

పెద్దసారు కూడా నవ్వారు. అంతటితో పోయేది. పక్కనే కూర్చున్న బావ ఆయన చెవి దగ్గరికి వంగాడు. నేనెవరో చెప్పాడు. అడగకపోయినా ఇంకో ముక్క కలిపాడు, ఆసుపత్రి వైపు క్వార్టరుకు దరఖాస్తు పెట్టుకున్నది ఈయనేనని. పెద్దసారు వెనక్కి తిరిగి, అందరికీ వినబడేట్టు హిందీలో అన్నారు.

"ఇంత బాగా నిద్ర పడుతున్నవాడికి ఇల్లు మార్చడమెందుకు?"

ఇంకోసారి నవ్వులు. ఆయన సరదాకే అన్నారు. పెద్దవాళ్ల సరదాలు కింద కాగితాల మీద నిజమైపోతాయి. ఆ క్వార్టరు నాకు రాలేదు. బావకు వచ్చింది. అతను కూడా దరఖాస్తు పెట్టాడన్న సంగతి అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి మా ఆవిడా నేనూ ఇంటికి నడిచాం. గేటు దగ్గరికి వచ్చాక ఆవిడ అంది.

"ఆ గురక నాకు రోజూ ఇంట్లో వినిపిస్తాది కదండీ. ఊరందరికీ స్పీకరు పెట్టి వినిపించడమెందుకు?" గేటు గడియ తీస్తూ, "జామచెట్లు బాగున్నాయి. ఆల్లకి దండెం కట్టుకోడం తెలుసో నేదో," అంది.

తరవాత ఏడాదంతా నా చొక్కాలు కాషాయంలోనే గడిపాయి. ఆదివారాలు ఆసుపత్రి వైపు వెళితే బావ తెల్ల పంచె జామచెట్ల మధ్య ఊగుతూ కనబడేది. ఆఫీసులో అతను ఆ ఫైలు సంగతి కొత్తగా చేరినవాళ్లకు పాఠంలా చెప్పేవాడు. అది భయంకరమైన వైరస్ అనీ, మర్నాడు తాను ఒంటరిగా కూర్చుని దాన్ని మట్టుపెట్టాననీ. మర్నాడు కొబ్బరికాయ కొట్టగానే నేను తువ్వాలు తీసి ఆ బొమ్మ మూసేశాను. అప్పుడు అతను డిలీట్ నొక్కితే అది బుద్ధిగా పోయింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మూర్ఖత్వం నాది కనక దాని మీద హక్కులూ నావే.

నన్ను ఊపిరున్న కెమెరా స్టాండు కింద జమకట్టాడు కనక, మరుసటి వర్షాకాలం బావ కెమెరా నా చేతికే ఇచ్చాడు. "బొమ్మలు నువ్వే తీసీ బావా, నాను సెట్టింగు సూసుకుంటాను," అన్నాడు. తీశాను. డంపర్లు తీశాను, మొక్కలు తీశాను. ఒకరోజు వరండాలోంచి వెళుతుంటే కంప్యూటర్ సెల్ అద్దం అవతల ఒక దృశ్యం కనబడింది. ప్రింటరులో కాగితం ఇరుక్కుంది. విశాఖపట్నం శిక్షణ అయిన మా నిపుణుడు గది బయట విడిచిన తన చెప్పు తెచ్చుకుని ప్రింటరును కొడుతున్నాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది కనక మాటలు కూడా స్పష్టంగా వచ్చాయి.

"నువ్వూ ఆ పెద్దసారూ ఒక్కటేనే. ఇచ్చిన కాయితం మింగీడమే గాని కక్కడం నేదు."

కెమెరాలో ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అది ఆపడం నాకు సరిగ్గా రాదు.

ఆ ఏడు పూజ రోజు అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లాను. ఆ బొమ్మను ఉమ్మడి ఫోల్డరులో డంపర్లకూ మొక్కలకూ మధ్య పెట్టాను. నా కంప్యూటరులో దాన్ని తెరిచాను. గంట వినబడగానే కిందికి దించాను. మూసేయలేదు, దించాను. పంతులుగారు బొట్టు పెట్టారు, దండ వేశారు. ఫోర్‌మన్ తన మూడు వేళ్ల చేత్తో తువ్వాలు కప్పాడు. ఈసారి నేను దేవుణ్ని ఏమీ అడగలేదు. అప్పుడు వెళ్లి బావతో, "ఈసారి నువ్వే హీరోవి," అని చెప్పి వచ్చేశాను.

కాసేపటికి వచ్చాడు. స్వెట్టరు విప్పి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఏసీ గదిలోంచి వస్తున్న మనిషికి అంత చెమట నేను ఎప్పుడూ చూడలేదు.

"బావా, ఆ ప్రింటరు బొమ్మ పోనంటంది. ఎవలో వాడతన్నారంటంది."

"కంప్యూటరు అలగే అంటాది బావా. దాని మాట నమ్మకు."

"ఆపి మళ్లా ఎలిగించినాను. వైరస్సు కూడా ఎతికినాను."

"దొరికిందా?"

"నేదు."

"అయితే పెద్దదే అయ్యుంటాది," అన్నాను.

అతను నా మొహంలోకీ, దండ వేసుకున్న నా కంప్యూటరులోకీ మార్చి మార్చి చూశాడు. అర్థం కాలేదు. గబగబా ఫోన్ దగ్గరికి నడిచాడు, బహుశా జగదల్‌పూర్‌కు. తువ్వాలు ఒక పక్కకు జారి కింద నుంచి వెలుగు కనబడుతోంది. మిషన్‌కు చెయ్యి తగలకుండా గుడ్డ అంచు మాత్రం సరిచేశాను. తరవాత కుర్చీలో వెనక్కి వాలి హాయిగా కళ్లు మూసుకున్నాను. పూజ అయిన యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఒకరు కాపలా ఉండాలి కదా.